విమానం మీద అనుమానం

సూర్యప్రకాశరావు గారు దేన్నీ ఊరికే నమ్మే మనిషి కాదు. పాలు వస్తే గిన్నె వంచి జారుడు చూస్తారు. మామిడిపళ్ళు వస్తే తొడిమ దగ్గర వాసన చూసి, మందు వేసి పండించారో లేదో తేల్చందే లోపలికి రానివ్వరు. ఎవరైనా శుభలేఖ ఇస్తే వెనక్కి తిప్పి ఏ ప్రెస్సులో అచ్చయిందో చూస్తారు. రాజోలు పక్కన శివకోడులో వాళ్ళ ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్ళు ఆయన ముందు కూర్చుని కాస్త ఇబ్బంది పడతారు. మన చొక్కా జేబులో ఏముందో బయటి నుంచే చూస్తున్నట్టు ఉంటుంది ఆ చూపు.

అది ఉద్యోగం వల్ల వచ్చిన చూపు. మస్కట్ విమానాశ్రయంలో సరుకులు పంపే విభాగంలో, ఎక్స్‌రే యంత్రం ముందు కూర్చుని ఆయన చాలా ఏళ్ళు పని చేశారు. పెట్టెలు బెల్టు మీద లోపలికి వెళ్తుంటే తెర మీద నారింజ రంగువీ నీలం రంగువీ నీడలు కదులుతాయి. ఏది ఇస్త్రీ పెట్టె, ఏది ఇస్త్రీ పెట్టెలా కనిపించే మరొకటి అన్నది ఆ నీడల్ని బట్టే చెప్పాలి. అనుమానం వస్తే బెల్టు ఆపి పెట్టె విప్పించాలి. ఎన్ని విప్పించినా ఎవరూ తప్పు పట్టరు. ఒక్కటి విప్పించకుండా వదిలేస్తే మాత్రం ఉద్యోగం ఉండదు.

“మీ కళ్ళు ఆ మిషన్ దగ్గరే వదిలేసి రావాల్సిందండీ,” అంటారు ఆయన భార్య అన్నపూర్ణ గారు. ఆవిడ పప్పులో ఉప్పు తగ్గించినా ఆయన పట్టేస్తారు మరి.

అక్కడే ఆయనకి విమానాల పిచ్చి కూడా పట్టుకుంది. భోజనాల వేళ తనతో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆయన ఫోన్లో ఒక విమానం బొమ్మ తీసి, అరచేత్తో మూసి, తోక మాత్రమే కనపడేలా చూపించేవాడు. అదేమిటో చెప్పాలి. అందరూ ఎక్కే మామూలు విమానాలు కాదు. ఎవరో ఒకటి రెండు చేసి, ఎగరేసి చూసి, ఇక లాభం లేదని మూలన పడేసినవి. రొట్టెలా గుండ్రంగా ఉన్నవి, ముందుకు వంగిన రెక్కలవి, రెక్కలే లేనివి. నీడల్లో వస్తువుల్ని పోల్చుకునే మనిషికి ఈ ఆట ఎంత నచ్చి ఉంటుందో వేరే చెప్పాలా?

పదవీ విరమణ చేసి వచ్చాక కొబ్బరి తోట చూసుకోవడం ఒక పూటకి సరిపోయేది. రెండో పూటకి వాట్సాప్‌లో ‘ఇదేం విమానం?’ అనే గ్రూపు దొరికింది. కాకినాడలో కోచింగ్ సెంటర్ మాస్టారు ఒకాయన, కొత్తపేటలో సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకున్న గంగాధర్, ఇంకా అక్కడా ఇక్కడా ఉన్న మరికొందరు అందులో ఉండేవారు. ఎవరో ఒకరు ముందు ఒక ముక్క పెడతారు. మిగతావాళ్ళు ఊహించాలి. ఫోటో పెట్టి ఇంటర్నెట్‌లో వెతకకూడదు. ఆదివారం రోజు పెట్టినవాళ్ళే అసలు సంగతి, దానికి ఆధారం చెప్పాలి.

ఒకసారి రావుగారు పోలండ్ వాళ్ళు పొలాలకి మందు కొట్టడానికి చేసిన జెట్ విమానం పెట్టారు. రెండంతస్తుల రెక్కలు, మధ్యలో మందు డబ్బాలు, నడినెత్తిన జెట్ ఇంజను. అది నిజంగా ఉందంటే చాలామంది నమ్మలేదు. అన్నపూర్ణ గారు ఆయన భుజం మీంచి చూసి, “దీంతో మందు కొట్టడం ఎందుకండీ? పురుగులు ఆ మోతకే చచ్చుంటాయి,” అన్నారు. ఆయన ఆ మాట గ్రూపులో పెడితే వారం రోజులు నవ్వుకున్నారు.

అలా సరదాగా పోతున్న ఆటలోకి ఏఐ వచ్చింది. ఎవరో ఎనిమిది రెక్కల రష్యా బాంబరు పెట్టారు. మంచు, వెనక గుడారాలు, తోలు టోపీల సైనికులు. కాకినాడ మాస్టారు దాని మీద ఒక చిన్న వ్యాసమే రాసేశారు. రావుగారికి మాత్రం ఎక్కడో గుచ్చుకుంది. పెద్దది చేసి చూస్తే ఒక సైనికుడి చెయ్యి తుపాకీలో కలిసిపోయి ఉంది. చక్రాలు ఎడమ వైపు మూడు, కుడి వైపు రెండు. నీడలు తలో దిక్కూ పడ్డాయి. ఆయన ఆ సంగతి బయటపెట్టాక, పెట్టినవాడు “సరదాకి చేసేనండి” అని జారుకున్నాడు.

అప్పటి నుంచి గ్రూపులో రావుగారు చూసి సరే అంటే తప్ప ఏ ఫోటోకీ విలువ లేదు. ఆయనకి చెప్పలేనంత సంతోషం. మళ్ళీ బెల్టు ముందు కూర్చున్నట్టుంది. నీడలు చూడు, మేకులు చూడు, అక్షరాలు చూడు, మనుషుల చేతులు చూడు. ఆట కంటే ఈ తనిఖీయే ఆయనకి రుచిగా అనిపించసాగింది. పోనుపోను నిజమైన ఫోటోలు పెట్టినవాళ్ళని కూడా గుచ్చి గుచ్చి అడిగేవారు. ఇద్దరు ముగ్గురు పెట్టడమే మానేశారు.

లిడియా ఆ గ్రూపులోకి ఆలస్యంగా వచ్చింది. అమలాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. పేర్లు ఆమెకి సరిగా గుర్తుండేవి కావు. కానీ “ఈ రెక్క ఒంటికి ఎలా అతుకుపడిందో చూడండి, ఇది నీళ్ళ మీద దిగేదే” అని ఏదో ఒకటి చెప్పేది. ఒక్కోసారి అది నిజమయ్యేది. డ్యూటీ దిగాక వచ్చి అందరి సమాధానాలూ చదివి నవ్వు బొమ్మలు పెట్టేది. ఎవరికీ ఆమె మీద ఫిర్యాదు లేదు. ఎప్పుడూ తనంతట తను ఫోటో పెట్టలేదు కాబట్టి రావుగారు ఆమెని పట్టించుకోలేదు కూడా.

పోయిన వర్షాకాలం మొదట్లో ఒకరోజు లిడియా ఒక ఫోటో పెట్టింది. ముక్క కాదు, మొత్తం పెట్టేసింది. “ఎవరూ చెప్పలేరు!” అని కింద రాసింది.

నలుపు తెలుపు ఫోటో. ఒక నది ఒడ్డు. సగం నీళ్ళలో, సగం గట్టు మీద ఒక వింత. ఒళ్ళు పడవలా ఉంది. రెక్కలు పొట్టిగా, బాగా వెడల్పుగా ఉండి, చివర్లు నీటి వైపు వంగి ఉన్నాయి. నెత్తి మీద కొయ్య చట్రం, దాని మీద రెండు చిన్న ఇంజన్లు. వెనక ఎత్తుగా తోక. పక్కన లుంగీ ఎగ్గట్టిన మనిషి ఒకడు రెక్క మీద చెయ్యి వేసి, నవ్వాలో వద్దో తేలనట్టు నిలబడ్డాడు.

గంగాధర్ జర్మనీది అన్నాడు. మాస్టారు కాస్పియన్ సముద్రంలో రష్యా వాళ్ళు నడిపిన పెద్ద నీటి విమానాలకి తొలి నమూనా అన్నారు. లుంగీ సంగతేమిటని ఎవరో అడిగితే, బర్మాలో తీసి ఉంటారన్నారు. ఇలా సాగుతుండగా రావుగారు భోజనం చేసి, కళ్ళజోడు తుడుచుకుని, ఫోటో పెద్దది చేసుకుని కూర్చున్నారు.

ఆ మనిషి చెయ్యి చూశారు. బొటనవేలు వదిలేసి లెక్కపెట్టారు. మళ్ళీ లెక్కపెట్టారు. చిటికెన వేలు పక్కన ఇంకో వేలు ఉంది.

ఆ చేతి చుట్టూ ఎర్ర గీత గీసి గ్రూపులో పెట్టారు. “ఇది ఏఐ చేసిన బొమ్మ. వేళ్ళు చూడండి. ఇలాంటి విమానం లేదు, ఇలాంటి మనిషీ లేడు,” అని రాశారు. అక్కడితో ఆగినా సరిపోయేది. పట్టేశానన్న ఉత్సాహంలో ఇంకో మాట కూడా రాశారు. “నర్సులకి వేళ్ళు లెక్కపెట్టడం రాకపోతే రోగుల గతి ఏం కావాలమ్మా?”

గంగాధర్ వరసగా నవ్వు బొమ్మలు పెట్టాడు. ఇంకెవరో “ఆస్పత్రి పేరేంటో చెప్పండి, అటువైపు వెళ్ళకుండా ఉంటాం” అన్నారు.

లిడియా ఒక్కసారి రాసింది. “అది నిజం అండి. ఆదివారం చెబుదామనుకున్నాను.”

“రుజువు?” అని రాశారు రావుగారు.

కాసేపటికి ఆమె గ్రూపులోంచి వెళ్ళిపోయినట్టు బూడిద రంగులో ఒక వరస కనిపించింది.

దొంగ దొరికాడన్న తృప్తి ఆయనకి సాయంత్రం దాకా కూడా నిలవలేదు. తోటలో తిరుగుతున్నా మనసు అక్కడే ఉంది. ఆయన ఇన్నేళ్ళ అనుభవంలో ఒకటి గమనించారు. పెట్టెలో తేడా ఉన్నవాడు ఆగకుండా మాట్లాడతాడు. వాళ్ళ బావమరిది కట్టిన పెట్టె అంటాడు, నవ్వుతాడు, చాయ్ తాగుదామంటాడు. ఏమీ లేనివాడే మొహం గంటు పెట్టుకుని నిలబడతాడు. ఈ అమ్మాయి వాదించలేదు. ఒక్క ముక్క చెప్పి వెళ్ళిపోయింది.

“ఏమండీ, కాఫీ చల్లారిపోతోంది,” అన్నారు అన్నపూర్ణ గారు. “మళ్ళీ ఎవరి మీద పడింది అనుమానం?”

“నా మీదే,” అన్నారాయన.

ఫోటో మళ్ళీ తీశారు. ఈసారి విమానం వదిలేసి, మనిషిని వదిలేసి వెనక ఏముందో చూశారు. గట్టు మీద ఒక రేకుల పాక, దాని పక్కన వాలిన బోర్డు. సగం కొబ్బరి మట్ట చాటున ఉంది. కనిపించిన అక్షరాలు ‘నేటిప’ అని మాత్రమే. కానీ అచ్చమైన తెలుగు అక్షరాలు, పెయింటర్ చేతి రాత. ఆ బొమ్మలు చేసే యంత్రాలకి ఇంకా తెలుగు సరిగా రాదని ఆయనకి బాగా తెలుసు. రాయమంటే జంతికలు చుట్టినట్టు ఏవో సున్నాలు చుడతాయి. మొదట చూసినప్పుడు తను ఆ బోర్డు వైపే చూడలేదు. వేలు దొరకగానే బెల్టు ఆపేశారు.

సఖినేటిపల్లి. ఇంకేం ఊరు కాదు.

మర్నాడు ఉదయం స్కూటర్ తీసి బయలుదేరారు. సఖినేటిపల్లి రేవులో పంటు అప్పుడే నరసాపురం ఒడ్డు నుంచి వస్తోంది. మోటారు సైకిళ్ళు, ఒక ఆటో, కూరగాయల బుట్టలు దానిమీంచి దిగాయి. రేవు పక్కన టీ దుకాణంలో ఎర్రయ్య అనే పెద్దాయన ఉన్నాడు. టీ తీసుకుని, ఫోన్లో ఫోటో చూపించి, “ఇది ఇక్కడిదేనా అండీ?” అని అడిగారు రావుగారు.

ఎర్రయ్య ఫోన్ వైపు చూశాడు. తర్వాత ఆయన బూట్ల వైపు, స్కూటర్ నంబరు వైపు చూశాడు.

“మీరెవరండీ? ఆఫీసు నుంచి వచ్చేరా?”

“ఏ ఆఫీసూ లేదండి. మాది శివకోడు. ఊరికే తెలుసుకుందామని.”

“ఊరికే తెలుసుకోడానికి ఇంత దూరం వచ్చేరా అండి?” అన్నాడు ఎర్రయ్య. పక్క బల్ల మీద వల బాగుచేసుకుంటున్న ఒకాయన చెయ్యి ఆపి వింటున్నాడు.

ఇలా జవాబు చెప్పుకోవడం రావుగారికి అలవాటు లేదు. జీవితమంతా అడిగే వైపే ఉన్న మనిషి. “ఈ మనిషి ఎవరో తెలిస్తే చాలండి. ఈ చేతికి వేళ్ళు…”

“ఆరువేళ్ళ లాజరు గారు కదండీ,” అన్నాడు వల బాగుచేసే ఆయన.

రావుగారు చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేశారు. గంగాధర్ పెట్టిన నవ్వు బొమ్మలు ఒక్కొక్కటే కళ్ళ ముందు తిరిగాయి.

పేరు బయటపడ్డాక ఎర్రయ్య నోరు విప్పాడు. లాజరు పడవలు చేసే వడ్రంగి అనీ, ఎప్పుడో తాము వయసులో ఉండగా ఈ వింతని చేసి నదిలో వదిలాడనీ చెప్పాడు. “లేచిందండి. నీటికి ఇంత ఎత్తున పోయింది,” అని చెయ్యి నడుము దాకా ఎత్తి చూపించాడు. “పంటు మీద ఉన్నోళ్ళందరూ చూసేరు.”

“ఎక్కడ లేచిందండీ? నీళ్ళు చిమ్ముకుంటూ పోయి వల గుంజలకి గుద్దుకుంది,” అన్నాడు రెండో ఆయన. “ఈయన ఆ రోజు పంటు మీదే లేడండి. వాళ్ళ అత్తారింటికెళ్ళేడు.”

“నువ్వు చూసేవా?”

“మా నాన్న చూసేడు.”

వాళ్ళిద్దరూ వాదించుకుంటుంటే రావుగారు ఇంటి గుర్తులు కనుక్కుని బయలుదేరారు.

కాలవ గట్టు చివర చిన్న డాబా ఇల్లు. వాకిట్లో ఒక నాటు పడవ బోర్లించి ఉంది. దాని నీడలో ఒక ముసలాయన స్టూలు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. చుట్ట పట్టుకున్న చేతికి చిటికెన వేలి పక్కన ఇంకో వేలు, చిన్నది, గోరుతో సహా ఉంది. రావుగారు దాన్నే చూస్తున్నారని గమనించి ఆయన చెయ్యి లుంగీ మడతలో పెట్టుకున్నాడు.

“లాజరు గారేనా అండీ?”

“ఆయ్. తమరు?”

రావుగారు ఫోటో చూపించారు. లాజరు మొహంలో రంగు పోయింది. ఫోన్ చేత్తో ముట్టుకోలేదు.

“నాకేం తెలీదండి. అదేంటో, ఎవరిదో.”

“పక్కన నిలబడింది మీరే కదండీ.”

“కాదండి. మేం పడవలు చేసుకునేవోళ్ళమండి. అలాంటియ్యి మాకు తెలీదండి,” అని లేచి లోపలికి వెళ్ళబోయాడు. గుమ్మం దగ్గర ఆగి, “ఈ ఫొటో మీకెవరిచ్చేరండీ? అన్నీ పట్టుకుపోయేరు కదా,” అన్నాడు.

ఆ ఒక్క మాటతో రావుగారికి సంగతి అర్థమైంది. ఈ భయం ఆయనకి కొత్త కాదు. పెట్టె విప్పమన్నప్పుడు ఎదుటివాళ్ళ మొహంలో చూసిందే. ఇన్నేళ్ళలో ఆ భయాన్ని తప్పుకి గుర్తుగానే చూశారు గాని, భయంగా ఎన్నడూ చూడలేదు.

“నేను పోలీసుని కాదండి,” అన్నారు. “అలాంటి ఉద్యోగమే చేశాను, కాదనను. మస్కట్‌లో పెట్టెలు విప్పించే పని. ఇప్పుడు మానేశాను. ఈ ఫోటో లిడియా అనే అమ్మాయి మా గ్రూపులో పెట్టింది. మీ మనవరాలా?”

“మా అమ్మాయి కూతురండి,” అన్నాడు లాజరు. “మా పెళ్ళి ఫొటో అద్దం పగిలితే బాగుచేయిస్తానని అమలాపురం పట్టుకెళ్ళింది. దాని వెనకాల అట్ట బదులు ఇది పెట్టేననుకుంటానండి. మర్చేపోయేను. ఆ పిల్లకి బుద్ధి లేదండి. పదిమందికీ చూపిస్తారా?”

“బుద్ధి లేనిది నాకండి,” అన్నారు రావుగారు. ఉన్నదంతా చెప్పారు. ఆట సంగతి, యంత్రాలు చేసే దొంగ బొమ్మల సంగతి, ఆరో వేలు చూసి అలాంటి మనిషే లేడని తను రాసిన సంగతి, ఆ పిల్లని చూసి అందరూ నవ్విన సంగతి. తనన్న మాట కూడా దాచకుండా చెప్పారు.

లాజరు చెయ్యి బయటికి తీసి వేలు చూసుకున్నాడు. “ఈ ఏలు చూసి ఓ సంబంధం తప్పిపోయిందండి నాకు,” అన్నాడు. “ఇప్పుడు విమానం కూడా తప్పిపోయిందన్నమాట.” నవ్వు వచ్చింది ఆయనకి. నవ్వుతూ నవ్వుతూ దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక ఇంకో స్టూలు తెచ్చి వేశాడు.

అప్పుడు చెప్పాడు. శీతాకాలం గూడబాతులు వచ్చేవి. అంత బరువైన పక్షి రెక్కలు ఆడించకుండా నీటిని ఆనుకుని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి జారిపోయేది. పైకి వెళ్తే మాత్రం రెక్కలు కొట్టుకోవాల్సిందే. నీటి దగ్గర ఏదో ఉంది, అది ఎత్తి పట్టుకుంటుంది అనుకున్నాడు లాజరు. పడవ చేసే చెక్కతోనే ఒళ్ళు చేశాడు. తెరచాప గుడ్డ కప్పి, పడవలకి పూసే జీడినూనె పూశాడు. పాత మోటారు సైకిళ్ళ ఇంజన్లు రెండు నరసాపురం మెకానిక్ ఇచ్చాడు.

“ఎందుకండీ చేశారు?”

“పడవకి ఎప్పుడూ నీళ్ళతో పేచీయేనండి. కాస్త పైకి లేపితే పేచీ ఉండదు కదా అని.”

నదిలో వదిలిన రోజు జనం మూగారు. గుంజలకి తగిలి ముక్కు విరిగింది. ఆ వారంలోనే ఖాకీ బట్టలవాళ్ళు జీపులో వచ్చారు. సముద్రం దగ్గర, నీటి మీద తిరిగే యంత్రం. ఎవరు చేయించారు, ఎవరికోసం, ఏం తేవడానికి, ఎవరు పెట్టుబడి పెట్టారు అని అడిగారు. సరదాకి చేశానంటే నమ్మలేదు. కొట్టలేదుగాని స్టేషన్లో కూర్చోబెట్టారు, పిలిచినప్పుడల్లా వెళ్ళాలన్నారు. ఇంజన్లు, ఫోటోలు పట్టుకుపోయారు. ఎవరు ఫిర్యాదు చేశారో తెలియలేదు. ఊళ్ళో ప్రతివాడి మీదా అనుమానం వేసి, చాలాకాలం లాజరు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మిగిలిన కొయ్యంతా విప్పి పడవలకి వాడేశాడు.

రావుగారు అంతా విన్నారు. కానీ ఆయన ఆయనే కదా. రేవులో విన్న రెండు మాటలూ లోపల పొడుస్తున్నాయి. అడగకుండా ఉండలేకపోయారు.

“లాజరు గారూ, అది లేచిందా?”

లాజరు చుట్ట ఆర్పి పక్కన పెట్టాడు.

“తెలీదండి.”

“మీరే కదండీ లోపల ఉన్నది!”

“నీళ్ళు మొహాన కొడతా ఉన్నాయండి. బయమేసింది కూడానండి. కళ్ళు మూసుకున్నాను,” అన్నాడు. “కింద టపటపమని కొడతా ఉంటుంది కదండీ నీటి చప్పుడు, అది ఓ చోట ఆగింది. అది మట్టుకు తెలుసు. మళ్ళీ మొదలైంది. మధ్యలో ఏటయిందో నాకు తెలీదండి.”

రావుగారు ఆయన మొహంలోకి చూశారు. అబద్ధం చెప్పదలచిన మనిషి లేచిందనే చెబుతాడు. నడుమెత్తు కాదు, కొబ్బరి చెట్టెత్తు లేచిందంటాడు. ఇంత గొప్ప అవకాశం చేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకున్నానని ఎవడు చెప్పుకుంటాడు?

రావుగారు బయలుదేరుతూ, “మీ ఫోటో ఒకటి తీసుకోనా అండీ? చెయ్యి కనపడేలా. గ్రూపులో పెట్టి మీ మనవరాలి మాట నిజమని చెబుతాను,” అని అడిగారు.

“వద్దండి,” అన్నాడు లాజరు వెంటనే. మొహంలో మళ్ళీ పాత బెదురు కనిపించింది. “ఒక్కసారి తీయించుకున్నదే చాలండి.”

రావుగారు ఫోన్ జేబులో పెట్టుకున్నారు.

ఆ మధ్యాహ్నమే అమలాపురం వెళ్ళారు. ఆసుపత్రి వరండాలో చాలాసేపు నిలబడ్డాక లిడియా వచ్చింది. ముప్పై దాటని మనిషి, జడ పైకి చుట్టి క్లిప్పు పెట్టుకుంది. పేరు చెప్పగానే ముఖం బిగుసుకుంది.

“క్షమించమ్మా. తప్పు నాదే. సఖినేటిపల్లి వెళ్ళొచ్చాను. తాతగారిని చూశాను.”

“ఆయన దగ్గరికెళ్ళేరా?” ఆమె గొంతు పెరిగింది. “తనిఖీకా అండీ?”

“అలాగే వెళ్ళానమ్మా. ఒప్పుకుంటాను. చూశాక నమ్మాను.”

“అదేనండి,” అంది లిడియా. “ఆయన చెయ్యి చూసి నమ్మేరు. నేను నిజమని చెప్పినప్పుడు నమ్మలేదు. ఇన్నాళ్ళూ మీ అందరితో ఆడేను కదండీ, ఒక్క ఆదివారం దాకా ఆగలేకపోయేరు.” లోపల ఎవరో పిలిచారు. “డ్యూటీలో ఉన్నానండి,” అని వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చి రావుగారు గ్రూపులో రాశారు. లిడియా గారు పెట్టిన ఫోటో అచ్చమైనదని, చేసినాయనని తను స్వయంగా కలిశానని, ఆయనకి నిజంగానే ఆరు వేళ్ళని, ఆమెని అన్న మాటకి సిగ్గు పడుతున్నానని రాశారు. ఆ యంత్రం నీటి మీద లేచిందో లేదో చెప్పలేనని కూడా రాశారు.

మొదట గంగాధర్ జవాబిచ్చాడు. “ఫొటో పెట్టండి రావుగారూ.”

“ఆయన వద్దన్నారు.”

“పేరు, ఊరు?”

“అవి కూడా చెప్పను. ఆయన భయం ఆయనది.”

“మరి రుజువేదండీ?” అన్నాడు గంగాధర్. “ఇదే మాట మేమంటే మీరు ఒప్పుకునేవోరా?”

మాస్టారు ఇంకాస్త మర్యాదగా, ఆ అమ్మాయి తరఫు వాళ్ళెవరైనా మీ మీద ఒత్తిడి తెచ్చారా అని అడిగారు. మరొకరు ఇది అసలు రావుగారేనా, ఆయన ఫోన్ ఎవరైనా వాడుతున్నారా అన్నారు. ఆయనకి కోపం రావలసింది. రాలేదు. వాళ్ళకి ఇలా అడగడం తనే నేర్పారు. జేబులో ఫోన్ ఉండగా, లాజరు దగ్గుతున్నప్పుడు చటుక్కున ఒక ఫోటో తీసుకుని ఉంటే ఈ గొడవే లేదు. ఆ ఆలోచన అక్కడే వచ్చింది కూడా. తీయనందుకు ఇప్పుడు ఆయనకి విచారం లేదు.

“నా దగ్గర రుజువు లేదు. ఇక నుంచి ఫోటోలు తనిఖీ చేసే పని నాకొద్దు,” అని రాసి ఊరుకున్నారు. ఆ పని గంగాధర్ తీసుకున్నాడు. ఆయన కంటే కటువుగా చేస్తున్నాడట.

వానలు తగ్గుముఖం పట్టాక ఒకరోజు కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. రావుగారు అలవాటు ప్రకారం ఎత్తలేదు. అన్నపూర్ణ గారు ఎత్తి ఇచ్చారు.

“నేనండి, లిడియాని,” అంది అవతల. “గ్రూపులో మీరు రాసినవి మాస్టారు నాకు పంపించేరు. మీరు తాతయ్య ఫొటో తియ్యలేదా అండీ?”

“వద్దన్నారమ్మా.”

“వద్దంటే మానేసేరా?”

“మానేశాను.”

“ఆదివారం ప్రార్థన అయ్యేక తాతయ్య దగ్గరికి వెళ్తున్నానండి. మీరు చెప్పిన విమానం బొమ్మల ఆట గురించి అడుగుతున్నాడు. వీలుంటే రండి,” అంది.

ఆమె గ్రూపులోకి మళ్ళీ రాలేదు. తిరిగి చేర్చమని రావుగారూ అడగలేదు. ఆదివారాలు మాత్రం వీలైనప్పుడల్లా ముగ్గురూ ఆ బోర్లించిన పడవ నీడలో కూర్చుంటున్నారు. లాజరుకి విమానాల పేర్లతో పని లేదు. బొమ్మ చూసి, “ఇది లేస్తుందండి, కానీ తిరగదు,” అంటాడు. “దీనికి తోక చాల్లేదండి,” అంటాడు. లిడియా తన ఊహ చెబుతుంది. చివర్లో రావుగారు అసలు సంగతి చెబుతారు.

మొన్నొకసారి ఆయన ఇటలీ వాళ్ళ పాత విమానం ఒకటి చూపించారు. విమానం ఒళ్ళంతా బోలుగా ఉన్న పెద్ద పీపా. పంకా ఆ పీపా లోపల తిరుగుతుంది. మనిషి దాని వీపు మీద కూర్చుంటాడు.

లాజరు ఫోన్ దగ్గరికి తీసుకుని, దూరం పెట్టి, మళ్ళీ దగ్గరికి తీసుకుని చూశాడు.

“ఇది దొంగదండి,” అన్నాడు. “మీరు కల్పించేరు.”

“నిజంగా ఉండేదండి! ఎగిరింది కూడా.”

“మీరు చూసేరా?”

“లేదండి. నేను పుట్టకముందు సంగతి.”

“మరి ఎగిరిందని ఎలా చెబుతారండీ?”

లిడియా పడవకి ఆనుకుని పకపకా నవ్వుతోంది.

“సరేలెండి,” అన్నాడు లాజరు ఫోన్ తిరిగి ఇస్తూ. “తమరు చెబుతున్నారు కాబట్టి ఎగిరిందే అనుకుందాం. ఇంకోటి చూపించండి.”